మార్కు కూడ తీర్పే
(ఉపాధ్యాయుల, తలిదండ్రుల సభలో గావించిన ఉపన్యాసము)



మేము వృత్తిచే న్యాయవాదులము; బడిలో బోధించిన అనుభవము మాకు లేదు. ఐనను పరీక్షలను గూర్చి మాటాడ సాహసించుటకు కారణ మొకటి కలదు. మార్కు కూడ ఒక తీర్పే. కారణములు చూపని తీర్పు, ఎదుటివాని మాట వినని తీర్పు న్యాయస్థానములో నిలువవు. పదునైదేండ్ల పిల్లపై వ్రాయు తీర్పునకు మాత్రము ఈ నియమ మేల వర్తింపరాదు?

నేడు మార్కులను కంప్యూటరు కూడుచున్నది, ఫలితమును సెల్లుఫోను ఇంటికి చేర్చుచున్నది. ఇందు మాకు విరోధము లేదు. కూడికలో యంత్రము మనకన్న నమ్మదగినది. కాని తనకిచ్చిన అంకె సబబైనదా యని అది అడుగదు.

2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రపు ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినప్పు డేమి జరిగినదో మీరెరుగుదురు. తెలుగులో 99 మార్కులు తెచ్చుకొన్న ఒక విద్యార్థినికి సున్న వచ్చినది. ఆ దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ మరణములన్నిటికి లెక్కల తప్పే కారణమని మేమనము. కాని తప్పిన 3 లక్షలకు పైగా విద్యార్థుల పత్రములను ప్రభుత్వము ఉచితముగా మరల పరిశీలింపజేయగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. తీర్పు ప్రకటించిన పిదప విచారణ జరుగుట యనగా ఇదియే.

ఈ సంగతి మన జిల్లాలకు మరింత ముఖ్యము. 2011 జనగణనలో నాటి మహబూబునగరు జిల్లా అక్షరాస్యత నూటికి 55, నల్లగొండలో 64. తండ్రి మట్టిపనికి దూరదేశము వలసపోయిన పాలమూరు ఇంటిలో, తల్లికి చదువురాని ఇంటిలో, వచ్చిన అంకెను ప్రశ్నించు వారెవరు? పట్టణపు పిల్లకు అప్పీలు కలదు. ఈ పిల్లకు అంకెయే విధి యగుచున్నది. దిద్దిన జవాబుపత్రమును చూచుకొను హక్కు పరీక్ష వ్రాసినవానికి కలదని సుప్రీంకోర్టు 2011లోనే సమాచార హక్కు చట్టము క్రింద తీర్పు చెప్పినది. ఆ హక్కు తన కున్నదని మన పల్లెలలో ఎందరు పిల్లలకు తెలియును?

ఇక రెండవ విషయము. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠములు నడచినవి. 2021 డిసెంబరులో ఇంటర్ మొదటి సంవత్సరపు ఫలితములు రాగా నూటికి 49 మందియే ఉత్తీర్ణులు. అలజడి రేగగా, తప్పిన వారందరికి కనీసపు మార్కులిచ్చి ఉత్తీర్ణులను చేసిరి. అట్టి ఆపత్కాలమున దయ చూపుట తప్పు కాదు. కాని ఏ పిల్ల ఏమి నేర్చినది, ఏమి నేర్వలేదు, ఎక్కడ చేయూత కావలెను అను ప్రశ్నకు తప్పించిన అంకెయు బదులు చెప్పలేదు; గట్టెక్కించిన అంకెయు చెప్పలేదు.

మూడవది, అడిగిన వ్యాసమును క్షణములో వ్రాసియిచ్చు యంత్రము నేడు పిల్లల చేతికే వచ్చినది. ఇంటివద్ద వ్రాసి తెచ్చిన కాగితము ఇక విద్యకు సాక్ష్యము కాజాలదు. దీనికై ఫోనును శపించి ప్రయోజనము లేదు, ప్రశ్నను మార్చవలెను. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమునకు శాస్త్రజ్ఞులు మన జిల్లా పేరే పెట్టిరి. "నల్లగొండ పద్ధతిలో వాడు పదార్థము లేవి?" అని అడిగి నాలుగు జవాబులిచ్చినచో తెలియనివాడును గురుతు పెట్టగలడు. మర్రిగూడెము బాలుని చేత ఊరి బోరునీటిని పరీక్ష చేయించి, "ఇందు ఫ్లోరైడెంత? లీటరునకు ఒక మిల్లీగ్రాము దాటినచో చిక్కేమి? పటిక ఎంత వేయుదువు, ఏల?" అని ఎదుట నిలిపి అడుగుడు. ఆ జవాబును అరువు తెచ్చుట కష్టము. ముసలివారి వంగిన నడుములను చూచి పెరిగిన బాలునికి ఆ పాఠ మేలనో కూడ తెలియును.

పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక పేరా చదివించి, అర్థము చెప్పించుకొనుటకు మించిన పరీక్ష ప్రాథమిక తరగతులలో లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము కోరిన నిరంతర సమగ్ర మూల్యాంకనమునకు సారము ఇదియే. దానిని రిజిస్టరు నింపుటగా మార్చుకొన్నది మన వ్యవస్థయే. ఒక్కొక్క ఉపాధ్యాయునిపై నాలుగైదు తరగతుల భారము మోపి, పైగా పట్టికలు నింపుమనిన, అతడు పిల్లను చూచునా, పట్టికను చూచునా? కావున ఉపాధ్యాయులను నియమింపుమని ప్రభుత్వము నడుగుటయు ఈ సంస్కరణములో భాగమే.

తెలంగాణములో కవులు పూజ్యమని ఒకరు వ్రాయగా, పాలమూరు బిడ్డయు న్యాయవాదియు నైన సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగి ఊరకుండలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. చూడక వేసిన సున్నకు అదియే సరియైన జవాబు: చేసిన పనిని ముందు పెట్టుట.

కావున మా విన్నపములు మూడు. తప్పినదను ప్రతి ఫలితమును ప్రకటించుటకు పూర్వమే ఒక ఉపాధ్యాయుని కన్ను చూడవలెను. దిద్దిన పత్రము అడుగకయే, రుసుము లేకయే పిల్ల చేతికి రావలెను. ప్రతి పిల్ల ఏడాదిలో చేసిన పని ఒక సంచిలో భద్రమై, మార్కు ప్రక్కన సాక్ష్యముగా నిలువవలెను. మొదటి రెంటికి ప్రభుత్వాజ్ఞ కావలెను. దానికై మనము పోరాడుదము. మూడవదానికి ఎవరి యాజ్ఞయు నక్కరలేదు. రేపు ఉదయము బడి తెరచినప్పుడే ప్రారంభింపవచ్చును.