సర్వర్ పక్కనే ఫ్లాష్ పెట్టె

పొద్దున 11 గంటలకు రైళ్లలో స్లీపర్ తత్కాల్ తెరవగానే కోసిగి నుంచి ఢిల్లీ దాకా అందరూ ఒక్కసారే బుకింగ్ మీద పడతారు. అలాంటి రద్దీలో సర్వర్‌కు డేటా వెంటనే చేతికందాలి. తిరిగే హార్డ్‌డిస్క్‌ నుంచి ఒక వివరం రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్లాష్‌లో అయితే దాదాపు 100 మైక్రోసెకన్లే. అంత వేగమున్నదాన్ని నెట్‌వర్క్ స్విచ్‌ల అవతల పెడితే దారిలోనే కొంత ఆలస్యం. అందుకే ఫ్లాష్ డ్రైవ్‌ల పెట్టెను పీసీఐఈ లేదా శాస్ రకం కేబుల్‌తో నేరుగా సర్వర్‌కే తగిలిస్తారు. 2016లో ఈఎంసీ సంస్థ తెచ్చిన డీఎస్‌ఎస్‌డీ డీ5 పెట్టె ఇలా 48 సర్వర్ల దాకా కలిసేది. మరుసటి ఏడే దాన్ని ఆపేశారు. నేరుగా తగిలించే ఈ పద్ధతిలో కేబుల్ పొడవు సాధారణంగా కొన్ని మీటర్లే. పైగా ఒక్క కేబులే ఉంటే, అది ఊడగానే పనంతా ఆగుతుంది. కాబట్టి సర్వర్‌లో కేబుల్ తగిలించే కార్డులు రెండు, కేబుళ్లు రెండు తప్పకుండా వేసుకోవాలంటాను.