నిద్రకు ముందు లెన్సులు తీశారా?

ఈ వారం కాంటాక్టు లెన్సుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటుంది. దాన్ని కార్నియా అంటాం. దానికి రక్తనాళాలు లేవు. కావలసిన ఆక్సిజన్ చాలావరకు కన్నీటి ద్వారా బయటి గాలి నుంచే తీసుకుంటుంది. కన్ను మూస్తే అది ఎలాగూ తగ్గుతుంది. రెప్ప కింద లెన్సు కూడా ఉంటే మరీ తగ్గిపోతుంది. పైగా నిద్రలో రెప్ప ఆర్పం కాబట్టి కన్నీరు కంటిని కడగదు. కార్నియా ఉబ్బి, పైపొర బలహీనపడుతుంది. లెన్సుకి అంటుకున్న సూడోమోనాస్ లాంటి బాక్టీరియాకి అదే సందు. పుండు పడితే ఒకటి రెండు రోజుల్లోనే ముదరవచ్చు. మానినా, మచ్చ చూపుకి అడ్డంగా మిగిలితే కార్నియా మార్పిడి దాకా పోవచ్చు.

లెన్సులతో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2018లో తెలియజేసింది.

కంటి డాక్టరుగా నేను అమెరికాలో చూసేది ఏమిటంటే, మనవాళ్ళు లెన్సులతో కునుకు తీసేది ఎక్కువగా ఇండియా ప్రయాణాల్లోనే. ఇరవై గంటల పైన విమానం, దిగగానే పెళ్ళి, అర్ధరాత్రి ముహూర్తం, ఫోటోల కోసం కళ్ళజోడు వద్దనుకోవడం. విమానం ఎక్కేముందే లెన్సులు తీసి, కళ్ళజోడు పెట్టుకోండి. లెన్సుల డబ్బా, మందునీళ్ళు చేతిసంచీలో ఉంచుకోండి. కుళాయి నీళ్ళతో మాత్రం లెన్సులు కడగకండి. అందులో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది సోకితే నయం కావడానికి నెలలు పడుతుంది.

ఇంకో సంగతి. కన్ను ఎర్రబడగానే చాలామంది ఊరి నుంచి తెచ్చుకున్న చుక్కల మందు తీస్తారు. అమ్మమ్మ ఫోనులో చనుబాలు వేయమంటుంది. దయచేసి రెండూ వద్దు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల పుండు పెరుగుతుంది.

నొప్పి, ఎరుపు, మసక, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది వచ్చినా లెన్సు తీసేయండి, మళ్ళీ పెట్టకండి. ఆ లెన్సునీ డబ్బానీ వెంట తీసుకుని అదే రోజు డాక్టరుకి చూపించండి. శుక్రవారం రాత్రి మొదలైతే సోమవారం దాకా ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి.

కాలేజీలో ఉన్న పిల్లలకి ఫోను చేసి "అన్నం తిన్నావా?" అని అడుగుతాం కదా. లెన్సుల సంగతి కూడా ఒకమాట అడగండి. విసుక్కున్నా ఫరవాలేదు.

సెలవు.