పాత ఇల్లు – పండగ చుట్టాలు



పాత ఇంట్లో కాపురం చేసే ఇల్లాలికి పండగ వస్తోందంటే సంతోషం ఎంతో, దిగులూ అంతే. గోడ పెచ్చులూడింది, మంచం నులక సాగింది, దొడ్డి తలుపు గడియ పడదు. "చుట్టాలు రాకముందే అన్నీ చేయించాలి" అని ఒకరంటారు, "వాళ్ళు వెళ్ళాక చూద్దాంలే" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల మధ్యా ఏళ్ళు గడిచిపోతాయి. చివరికి "ఈ కొంప ఇంకెందుకు, పడగొట్టి స్లాబు వేసేద్దాం" అనే మాట వస్తుంది.

కోనసీమలోని మా అత్తవారింట్లోనూ ఆ మాట వచ్చింది. మాది మండువా లోగిలి. సున్నపు గోడలు, టేకు స్తంభాలు, పైన బెంగుళూరు పెంకు. ఎనభై దాటిన మా అత్తగారు ఆ ఇల్లు వదిలి ఏ కొడుకు దగ్గరికీ రానంటారు. సంక్రాంతికి అందరం కలిసి ఇరవై మందిమి చేరతాం. ఇల్లు నిలవాలి, అత్తగారు సుఖంగా ఉండాలి, వచ్చినవాళ్ళకి ఇబ్బంది కలగకూడదు. అందుకని నేను పనులన్నిటినీ మూడు మూటలు కట్టుకున్నాను. చుట్టాలు రాకముందు చేసేవి, వాళ్ళతో కలిసి చేసేవి, వెళ్ళాక చేసేవి.

మొదటి మూటలోవి ప్రాణానికి సంబంధించినవి. పైకప్పు, కరెంటు, సున్నం. బెంగుళూరు పెంకుతో ఒక సుఖం ఉంది. ఒకటి పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. 1996 నవంబరు తుపానుకి మా ఇంటి పెంకు చాలావరకు లేచిపోతే, మిగిలిన మంచివి ఏరి మళ్ళీ కప్పించారని అత్తగారు చెబుతారు. వాసాల సంగతి వేరు. చెదలు పట్టాయేమోనని అనుమానం ఉంటే స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే ఆ గదిలో ఎవరినీ పడుకోబెట్టకండి, అనుభవమున్న వడ్రంగిని పిలిపించండి. అలాగే పాత వైరింగు మీద చుట్టాల ఇస్త్రీ పెట్టెలూ, నీళ్ళు కాచే హీటర్లూ పెడితే భరించలేదు. ఎర్తు సరిగ్గా ఉందో లేదో ముందే పనివాడిచేత చూపించుకోవాలి.

ఇక గోడలు. సున్నపు గోడకి సిమెంటు పూత పనికిరాదు. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు పూస్తే దానికి దారి మూసుకుపోతుంది. చెమ్మ గోడలోనే నిలిచి, ఇంకా పైకి ఎగబాకి, కొన్నాళ్ళకి పూత ఇటుక పైపొరతో సహా ఊడి వస్తుంది. మా పడమటింటి గోడకి ఎప్పుడో ఒక మేస్త్రీ అలాగే పూసి వెళ్ళాడు. వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చేది. ఆ మేరకి కొట్టించేసి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి పూయించాం. గోడ బాగా తడపాలి, పలచగా పూయాలి, ఒక పూత గట్టిపడ్డాకే ఇంకొకటి. సున్నం సిమెంటులా తొందరగా బిగుసుకోదు, గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకే కార్తీకం వెళ్ళగానే మొదలుపెట్టి, ధనుర్మాసంలో వెల్ల వేసుకుంటే పండగకి ఆరుతుంది. వెల్లసున్నం గుడ్డలో వడకట్టి, కాస్త గంజీ చిటికెడు నీలిమందూ కలిపితే చేతికి అంటదు, తెల్లగానూ ఉంటుంది. కానీ రాతిసున్నం నీళ్ళలో వేస్తే కుతకుత ఉడుకుతుంది, కంట్లో చిందితే చూపుకే ప్రమాదం. ఇంటినిండా పిల్లలున్నప్పుడు ఆ పని వద్దే వద్దు.

రెండో మూట నాకు చాలా ఇష్టమైనది. "చుట్టాలకి పని చెప్పడమా!" అని నొచ్చుకోకండి. కొత్తల్లుడికి చెప్పమనడం లేదు. తనంతట తనే వచ్చి కూర్చుంటే మాత్రం కాదనకండి. నులక మంచం అల్లడానికి ఎలాగూ ఇద్దరుండాలి, ఒకరు లాగాలి, ఒకరు పట్టాలి. ముందు పాత నులక విప్పి, మంచం కోళ్ళూ పట్టెలూ ఎండలో పెట్టి, నల్లులుంటే దులిపి, వదులైన కోడు బిగించుకోవాలి. బొంతకైతే నలుగురు ఆడవాళ్ళు కావాలి. పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి, నాలుగు మూలలా లాగి పట్టి, ముందు నడుమనుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటే ముడతలు రావు. తరవాత సన్నకుట్టు. ఏ చీర ఎవరి పెళ్ళినాటిదో మాట్లాడుకుంటూ కుడుతుంటే మధ్యాహ్నం తెలియదు. పడక కుర్చీ గుడ్డ చిరిగితే, పాతది పారెయ్యకుండా దాని కొలతకే కొత్తది కత్తిరించండి.

మూడో మూట, చుట్టాలు వెళ్ళాక చేసేవి. వానల్లో తలుపు ఉబ్బి పట్టేస్తే వెంటనే చిత్రిక పట్టించకండి. ఎండలకి కొయ్య బిగిసి, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు పడుతుంది. అప్పటిదాకా అంచుకి కొవ్వొత్తి రాస్తే చాలు. వేసవిలోనూ పట్టేస్తుంటే అప్పుడు వడ్రంగిని పిలవండి. ఈలోగా వచ్చినవాళ్ళకి ఇంటి సంగతులు మొహమాటం లేకుండా చెప్పెయ్యండి. "వదినగారూ, ఆ గడియ పైకెత్తి వెయ్యాలండీ" అంటే ఎవరూ తక్కువగా చూడరు. చెప్పకపోతే పాపం రాత్రివేళ వాళ్ళే అవస్థ పడతారు.

కిందటి సంక్రాంతికి స్లాబు మాటెత్తింది మా పెద్ద బావగారే. కనుమ నాడు అత్తగారి మంచం అల్లుతుంటే ఒక కొస పట్టుకోమన్నాను. తిట్టుకుంటూనే కూర్చున్నారు. అత్తగారు పక్కనే పీట వేసుకుని, "ఒరే పెద్దబ్బాయ్, వరస తప్పావు, విప్పు" అంటూ మూడుసార్లు విప్పించారు. సాయంత్రానికి మంచం అయింది, ఆవిడ దానిమీదే పడుకున్నారు. బావగారు వసారాలో నిలబడి చాలాసేపు పైకప్పుకేసి చూసి, "ఈ వేసవికి పెంకు సర్దించండి, ఖర్చులో నా వంతు పంపుతాను" అన్నారు.

ఇల్లు నిలిచిపోయిందని నేను చెప్పను. స్లాబు మాట వాయిదా పడింది, అంతే. వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది. కానీ ఇల్లు పడగొట్టాలా వద్దా అని తేల్చేవాళ్ళు ఏడాదికి నాలుగు రోజులు చుట్టాల్లా వచ్చేవాళ్ళే గదా. అద్దినట్టు తీర్చిదిద్ది వాళ్ళకి చూపించేకంటే, వాళ్ళ చేత కూడా ఇంత పని చేయించడం మంచిది. తన చేత్తో బాగుచేసిన దాన్ని పడగొట్టమనడానికి ఎవరికైనా నోరు రాదు.