ప్రకృతి రక్షణ నిధి: అసలును కాపాడుట



ఎంత కరువైనను విత్తనపు గింజలు వండుకొని తినరాదు. తినినచో వచ్చే ఏరువాకకు చల్లుటకేమి యుండును? ప్రకృతి రక్షణకై పెట్టిన ట్రస్టు నిధికిని ఇదే సూత్రము.

ఆఫ్రికాలోని ఉగాండా దేశమున బ్విండి అడవి కొండ గొరిల్లాలకు నిలయము. 1991లో దానిని జాతీయ పార్కుగా ప్రకటించిరి. కట్టెకు, తేనెకు అడవిపై ఆధారపడిన చుట్టుపట్ల రైతులకు దారి మూసుకొనిపోయి, వైరము పెరిగినది. 1994లో అచట ఒక ట్రస్టు ఏర్పడినది. సుమారు 40 లక్షల డాలర్లు మూలధనముగా సమకూరినవి. తొలి యేండ్లలో ఇతర విరాళములతో ఖర్చులు జరిపి, అసలును పెరగనిచ్చిరి. రాబడిలో నూటికి 60 వంతులు గ్రామముల బడులు, వైద్యశాలల వంటి పనులకు, 20 పరిశోధనకు, 20 పార్కు రక్షణకు అని ఏర్పాటు చేసికొనిరి. అడవి మూయుటచే నష్టపడినవానికి ఫలము అందనిచో, అడవికి కాపు ఎవరుందురు?

మన 2002 జీవవైవిధ్య చట్టము స్థానిక జీవవైవిధ్య నిధికి వీలు కల్పించినది. మీ పంచాయతీలో అట్టి నిధి యున్నచో గ్రామసభలో మూడు ప్రశ్నలు అడుగుడు: అసలెంత? రాబడి యెంత? ఖర్చు నిర్ణయించినదెవరు?