బౌలర్ ఖాతాలో పడని వికెట్లు

ఏళ్ల తరబడి తెల్లకోటు తొడుక్కుని ఎండలో నిలబడిన ఒక అంపైర్ జ్ఞాపకార్థం మనం ఇక్కడ చేరాం. అలాంటి మనిషిని తలుచుకునే రోజున సెంచరీల ముచ్చట అంతగా అతకదు. ఆయన పని అవుటా కాదా చెప్పడం. అదీ అడిగితేనే. ఫీల్డింగ్ జట్టు అప్పీలు చేయకపోతే అంపైర్ తనంతట తాను అవుట్ ఇవ్వడు. బౌల్డ్, క్యాచ్, ఎల్‌బీడబ్ల్యూ, స్టంపింగ్, హిట్ వికెట్ బౌలర్ ఖాతాలో పడతాయి. రనౌట్ పడదు. దాని పక్కన ఇంకొన్ని ఉన్నాయి: ఫీల్డర్‌ను అడ్డుకోవడం, బంతిని రెండుసార్లు కొట్టడం, 2017 దాకా వేరే పద్దుగా ఉన్న చేత్తో తాకడం, వేళకు క్రీజులోకి రాకపోవడం. బౌలర్ బంతి వదలకముందే క్రీజు దాటిన నాన్ స్ట్రైకర్‌ను అవుట్ చేయడమూ ఈ కోవలోదే. లెక్కకు అది రనౌటే అయినా, లోకం దాన్ని వేరే కళ్లతో చూస్తుంది. ఇలా అవుట్ చేసినవాడిని దొడ్డిదారిన గెలిచాడంటారు. నా అభిప్రాయం వేరు. ఈ నియమాలు పుట్టిందే బ్యాట్స్‌మన్ వాడుకునే దొడ్డిదారులు మూయడానికి. వాటి చరిత్ర చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

1624లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో, హార్‌స్టెడ్ కీన్స్ అనే ఊళ్లో ఆట జరుగుతోంది. ఎడ్వర్డ్ టై కొట్టిన బంతి గాల్లోకి లేచింది. క్యాచ్ పట్టడానికి జాస్పర్ వినాల్ దాని కిందికి పరుగెత్తాడు. క్యాచ్ తప్పించుకోవాలని టై దిగుతున్న బంతిని మళ్లీ కొట్టబోయాడు. బ్యాట్ వినాల్ నుదుటికి తగిలింది. కొన్ని రోజులకు అతను చనిపోయాడు. విచారణ జరిపి, ఇది ప్రమాదవశాత్తు జరిగిందని తేల్చారు. బంతిని రెండుసార్లు కొట్టకూడదన్న నియమం పుస్తకంలో వింతగా కనిపిస్తుంది. కానీ దాని వెనక ఒక పగిలిన నుదురు ఉందని గుర్తుంచుకోవాలి. మన వీధుల్లో పిల్లలు ‘గోడ దాటితే అవుట్’ అంటారు. ఊరికే అనరు, పక్కింటివారి కిటికీ అద్దం ఒకటి అప్పటికే పగిలి ఉంటుంది. 1744 నాటి నియమావళిలోనే రెండుసార్లు కొట్టడం, బంతిని ముట్టుకోవడం, తన చోటు వదిలి వెళ్లి క్యాచ్‌కి అడ్డుపడటం అన్నీ ఉన్నాయి. ఎల్‌బీడబ్ల్యూ మాత్రం 1774లో వచ్చింది. మనం సహజమనుకునే ఎల్‌బీడబ్ల్యూ కంటే వింత అనుకునేవే ముప్ఫై ఏళ్లు పెద్దవి.

ఈ నియమాల వల్ల నష్టపోయినవాళ్లూ లాభపడినవాళ్లూ వేర్వేరు జాతులేమీ కాదు. 1951లో ఓవల్ టెస్టులో దక్షిణాఫ్రికా బౌలర్ ఏథల్ రోవన్ వేసిన బంతి లెన్ హటన్‌ను తాకి పైకి లేచింది. అది స్టంప్స్ మీద పడుతుందేమోనని హటన్ మళ్లీ బ్యాట్ ఊపాడు. వికెట్ కాపాడుకోవడానికి రెండోసారి కొట్టవచ్చు గానీ, క్యాచ్‌కి అడ్డు రాకూడదు. వికెట్ కీపర్ రసెల్ ఎండీన్‌కి క్యాచ్ అందలేదు. టెస్టుల్లో ఫీల్డర్‌ను అడ్డుకుని అవుటైన మొదటివాడు హటన్. 1957 జనవరిలో కేప్‌టౌన్‌లో అదే ఎండీన్ బ్యాటింగ్ చేస్తుండగా జిమ్ లేకర్ బంతి ప్యాడ్‌కి తగిలి స్టంప్స్ మీదికి రాబోయింది. అతను అరచేత్తో తోసేశాడు. టెస్టుల్లో బంతిని చేత్తో తాకి అవుటైన మొదటివాడయ్యాడు. 2001లో చెన్నైలో స్టీవ్ వా, హర్భజన్ బౌలింగ్‌లో ఎల్‌బీడబ్ల్యూ అప్పీలు చప్పుడు ఆగకముందే, వికెట్లవైపు తిరుగుతున్న బంతిని చేత్తో నెట్టాడు. మూడు వికెట్లకు 340 పరుగులతో ఉన్న ఆస్ట్రేలియా 391కే ఆలౌటైంది. ఈ ఇద్దరి విషయంలోనూ చెయ్యి పెట్టకపోతే బంతి వికెట్లను కూల్చేదేమో. అలా కూల్చే హక్కు బౌలర్‌ది. దాన్ని చేత్తో ఆపడం అన్యాయం కాదా?

అన్నిటికన్నా ఎక్కువ రగడ నాన్ స్ట్రైకర్ రనౌట్ మీదే. 1947లో ఆస్ట్రేలియా పర్యటనలో వినూ మన్కడ్ ఒక సన్నాహక మ్యాచ్‌లో బిల్ బ్రౌన్‌ను ముందుగా హెచ్చరించి, తర్వాత ఇలాగే అవుట్ చేశాడు. డిసెంబరులో సిడ్నీ టెస్టులో బ్రౌన్ మళ్లీ క్రీజు వదిలాడు, మన్కడ్ మళ్లీ బెయిల్స్ తీశాడు. పత్రికల్లో గోల మొదలైంది. బ్రౌన్ ఆడిన జట్టుకు కెప్టెన్ డాన్ బ్రాడ్‌మన్. ఆయన తన ఆత్మకథలో మన్కడ్‌ను సమర్థించాడు. నియమం ఉన్నాక తప్పు పట్టడం ఏమిటన్నది ఆయన వాదన. అయినా లోకం ఈ అవుట్‌కి మన్కడ్ పేరే తగిలించింది. పదేపదే క్రీజు దాటినవాడి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇంటివాడు దొంగను పట్టుకుంటే చోరీకి ఇంటివాడి పేరు పెట్టినట్టుంది. ఆ పేరు వాడొద్దని గావస్కర్ చాలాకాలంగా అంటున్నాడు. 2022 అక్టోబరులో, క్రికెట్ నియమావళిని చూసుకునే ఎంసీసీ ఈ అవుట్‌ను అనుచిత ఆటకు సంబంధించిన 41వ నియమం నుంచి తీసి, రనౌట్ గురించిన 38వ నియమంలో చేర్చింది. అంతకు కొన్ని రోజుల ముందే లార్డ్స్‌లో దీప్తి శర్మ చార్లీ డీన్‌ను ఇలాగే అవుట్ చేస్తే, పాత గోల మళ్లీ వినిపించింది.

క్రీడాస్ఫూర్తి మాటేమిటని మీరు అడగవచ్చు. ఆ మాట నియమావళికి ముందుమాటగా చేరింది 2000లో, అంటే 1744కి 256 ఏళ్ల తర్వాత. అంతకుముందూ ఆ భావం ఉంది, నిజమే. కానీ అది ఎవరి పక్షాన ఉందో చూడాలి. ఇంగ్లండ్‌లో 1962 దాకా జీతం తీసుకోకుండా ఆడేవారిని జెంటిల్‌మెన్ అనీ, జీతానికి ఆడేవారిని ప్లేయర్స్ అనీ విడదీశారు. బౌలింగ్ భారం చాలావరకు జీతగాళ్లు మోశారు. బ్యాట్స్‌మన్‌కి మర్యాద, బౌలర్‌కి అనుమానం అన్న అలవాటుకు వేళ్లు అక్కడున్నాయని నా అనుమానం. ఇంకో ఆక్షేపణ కొంచెం బరువైనది: 1987 ప్రపంచకప్‌లో లాహోర్‌లో చివరి బంతికి కోర్ట్నీ వాల్ష్ ఆగి, క్రీజు దాటిన సలీం జాఫర్‌ను వదిలేశాడు. పాకిస్తాన్ గెలిచింది. వాల్ష్ గొప్పవాడు కాదా? గొప్పవాడే. కానీ దానం చేసినవాడిని మెచ్చుకోవడం వేరు, చేయనివాడిని దొంగ అనడం వేరు. పైగా చేత్తో తాకినవాడి మీద అప్పీలు చేస్తే ఆ స్థాయిలో నింద రాదు, మన్కడ్‌కి వచ్చింది. 1979 పెర్త్ టెస్టులో అలెన్ హర్స్ట్ నాన్ స్ట్రైకర్ సికందర్ బఖ్త్‌ను రనౌట్ చేశాడు. తర్వాత పాకిస్తాన్ వంతు వచ్చింది. ఆండ్రూ హిల్డిచ్ మర్యాదకు బంతి తీసి సర్ఫరాజ్ నవాజ్ చేతికిస్తే, సర్ఫరాజ్ అప్పీలు చేశాడు. ఇది కచ్చితంగా చిల్లరతనం. ఎందుకంటే హిల్డిచ్ ఎవరి హక్కునూ లాక్కోలేదు. నేను గీసే గీత అదే.

ఆ గీత దగ్గర నా వాదన కొంచెం తడబడే చోటు ఒకటుంది, దాన్ని దాచను. 2023 నవంబరు 6న ఢిల్లీలో, ప్రపంచకప్ మ్యాచ్‌లో శ్రీలంక బ్యాట్స్‌మన్ ఏంజెలో మాథ్యూస్ క్రీజులోకి వచ్చాక హెల్మెట్ పట్టీ తెగింది. బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అప్పీలు చేశాడు. అంతర్జాతీయ క్రికెట్లో టైమ్డ్ అవుట్ అదే మొదటిసారి. ఆ ప్రపంచకప్‌లో కొత్త బ్యాట్స్‌మన్ సిద్ధం కావడానికి గడువు రెండు నిమిషాలు. పట్టీ తెగకముందే గడువు దాటిందని అధికారులన్నారు, మాథ్యూస్ ఒప్పుకోలేదు. ఈ రెండు నిమిషాలు కొత్తగా కనిపెట్టినవనుకోకండి. కొత్త బ్యాట్స్‌మన్‌కి అంత వ్యవధి ఇవ్వాలని 1744లోనే అంపైర్లకు చెప్పారు. అయినా తెగిన పట్టీతో దొంగిలించిందేమీ లేదు. అక్కడ అప్పీలు చెల్లుతుంది, కానీ నాకు నచ్చదు.

2017 నుంచి బంతిని చేత్తో తాకడమన్న పద్దును తీసేసి ఫీల్డర్‌ను అడ్డుకోవడంలో కలిపేశారు. టెస్టుల్లో ఆ పద్దు కింద అవుటైనవాళ్లు ఏడుగురే, చివరివాడు 2001లో బెంగళూరులో మైకేల్ వాన్. 2023 డిసెంబరులో మీర్పూర్‌లో ముష్ఫికర్ రహీం బంతిని చేత్తో నెట్టినప్పుడు, స్కోరర్లు అతన్ని హటన్ పక్కన రాయవలసి వచ్చింది. బౌలర్ గడిలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఖాళీయే. వినూ మన్కడ్ టెస్టుల్లో తీసిన వికెట్లు 162. బిల్ బ్రౌన్ వికెట్ వాటిలో లేదు.