జీతంతో సెలవు ఎవరికి?

లింగాల ఘనపూర్ చుట్టుపక్కల పత్తి ఏరే కూలీలు పొద్దున్నే నడుముకు ఒడి కట్టుకుని చేలోకి దిగుతారు. జ్వరమొచ్చి ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి రాదు. సద్దుల బతుకమ్మ నాడు పని మానుకున్నా అంతే.

భూపాలపల్లి సింగరేణి బొగ్గుబాయిల్లో లెక్క వేరు. భూగర్భంలో 15 రోజుల పనికి ఒక రోజు, పైన పనిచేసేవారికి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన వార్షిక సెలవును చట్టమే నిర్ణయించింది. బాయిలో చీకటి, ఉక్క, దుమ్ము మధ్య ఒళ్లు ఎక్కువ అలసిపోతుంది మరి.

దేశదేశానికీ ఇలాంటి తేడాలే. ఐరోపా సమాఖ్యలో ఏటా కనీసం 4 వారాల సెలవు కార్మికుల హక్కు. ఫ్రాన్స్‌లో 5 వారాలు. మన పిల్లలు ఎందరో కొలువు చేస్తున్న అమెరికాలో మాత్రం ప్రైవేటు సంస్థలు జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే ఫెడరల్ చట్టం లేదు. జపాన్‌లో సెలవులున్నా వాడుకోవడానికి మొహమాటపడేవారు ఎక్కువ. అందుకే ఏటా 10 రోజులు, ఆపైన సెలవు వచ్చే ఉద్యోగుల చేత కనీసం 5 రోజులైనా వాడించాల్సిన బాధ్యతను 2019 ఏప్రిల్ నుంచి యాజమాన్యాలపైనే పెట్టారు.

పత్తిచేలో రోజంతా నడుము వంచేవారి కష్టమూ తక్కువది కాదు. కూలి పోకుండా ఏడాదికి కొన్ని రోజులైనా విశ్రాంతి వారికీ దక్కాలి.