గుల్లను చూసి పేరు పెట్టవచ్చునా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించో, మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శి గారు "మీకు ఇష్టమైన విషయం చెప్పండి" అన్నారు. నేను ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా ఏ కాగితం ఏ ఫైలులోకి పోవాలో చూసినవాణ్ణి. అదే పని సముద్రపు నీటితో చేసేవాళ్లు ఉన్నారని మా మనవరాలి వల్ల తెలిసింది. ఆ సంగతులే మనవి చేసుకుంటాను.

మా మనవరాలు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు సూక్ష్మదర్శినిలో తీసిన ఫొటోలు చూపించింది. ఒకటి పూలకూజాలా ఉంది, ఒకటి గుడి గంట బోర్లించినట్టు ఉంది, ఒకటి పొడుగాటి గొట్టంలా ఉంది. వీటిని టింటిన్నిడ్లు అంటారట. మనం బడిలో చదువుకున్న పారమీషియం గుర్తుందా? చెప్పు అట్ట ఆకారం, ఒంటినిండా సన్నని నూగు. ఆ నూగును శైలికలు అంటారు. అవి ఉన్న ఏకకణ జీవులు సిలియేట్లు. టింటిన్నిడ్లు ఎక్కువగా సముద్రంలో తేలుతూ బతికే సిలియేట్లు. ఉన్నది ఒక్కటే కణం. అయినా చుట్టూ గుల్ల కట్టుకుని అందులో కాపురం ఉంటుంది. ఇంచుమించు పదింటిని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఇవి సన్నని నాచుకణాలను తింటాయి. వీటిని చిన్న చిన్న రొయ్యల వంటి జీవులు, చేపపిల్లలు తింటాయి. మన పళ్లెంలోకి వచ్చే చేప వెనుక ఇంత చిన్న ప్రాణుల లెక్క ఉంది. పేరు తప్పితే ఆ లెక్కా తప్పుతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కోఫాయిడ్, క్యాంప్‌బెల్ 1929లో వీటి మీద ఒక పెద్ద గ్రంథం వేశారు. వందలకొద్దీ జాతులను అందులో వర్గీకరించారు. అంతా గుల్ల ఆకారాన్ని బట్టే. అందుకు కారణం ఉంది. వలతో పట్టి మందు నీళ్లలో వేసేసరికి లోపలి ప్రాణి ముడుచుకుపోతుంది, లేదా గుల్ల వదిలి పోతుంది. మనిషి లేడు, ఇల్లు ఉంది. ఇంటిని చూసి పేరు రాసుకున్నారు. వారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకో చెబుతాను.

1978లో నేను ఒక కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సీటు చూసేవాణ్ణి. అక్కడ ఒకే పేరు, ఇంటిపేరుకు ఒకే అక్షరం ఉన్న అటెండర్లు ఇద్దరు ఉండేవారు. ఒకాయన మీద వచ్చిన క్రమశిక్షణ కాగితం రెండో ఆయన పర్సనల్ ఫైలులో పెట్టాను. అట్ట మీద పేరు చూశానే గాని లోపల తండ్రి పేరు, పుట్టిన తేదీ చూడలేదు. ఏ పాపమూ ఎరుగని మనిషికి ఇంక్రిమెంటు ఆగిపోయింది. సరిదిద్దడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ మధ్యలో ఆయన అప్పు చేసి కూతురి పెళ్లి చేశాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ మాట అనకపోవడమే ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అట్టను నమ్మితే రెండు రకాల తప్పులు జరుగుతాయి. మొదటిది, ఒకే మనిషికి రెండు ఫైళ్లు తెరవడం. ఫ్రాన్సు శాస్త్రవేత్త మిషెల్ లవాల్-ప్యూతో ఫావెల్లా అనే టింటిన్నిడ్‌ను బతికుండగానే పెంచి చూశారు. కణం రెండుగా చీలినప్పుడు ఒకటి పాత ఇంట్లో ఉండిపోతుంది, రెండోది కొత్త ఇల్లు కట్టుకుంటుంది. అలా కట్టిన గుల్లల్లో కొన్ని కాక్స్‌లియెల్లా అనే వేరే ప్రజాతి గుల్లల్లాగే ఉన్నాయి! ఆ సంగతి ప్రకటించారు.

రెండోది నేను చేసిన తప్పు, ఇద్దరిని ఒకే ఫైలులో పెట్టడం. గుల్లకు ఇసుక రేణువుల వంటివి అతికించుకునే వాటిని చాలావరకు టింటినాప్సిస్ అనే ఒక్క పేరు కింద చేర్చారు. జన్యువులు చదివితే అందులో వేర్వేరు వంశాలవి ఉన్నాయని తేలింది.

ఈ జన్యువు చదవడం ఏమిటంటారా? ప్రతి ప్రాణి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు ఉంటాయి. వాటికి సంబంధించిన ఒక జన్యువు నాలుగే అక్షరాలతో రాసిన పాఠం లాంటిది. సిలియేట్లలో అది సుమారు 1,700 అక్షరాలు. తరతరాలుగా చాలా నెమ్మదిగా మారుతుంది. రెండు ప్రాణుల పాఠాలు పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కిస్తే చుట్టరికం తెలుస్తుంది. ఒక్క కణాన్ని సన్నని గాజుగొట్టంతో ఏరి, పి.సి.ఆర్. పద్ధతిలో ఆ పాఠానికి లక్షల నకళ్లు తీసి చదువుతారు. 2020లో కోవిడ్ పరీక్ష అని మన ముక్కుల్లో పుల్ల పెట్టారే, అందులోనూ వాడింది ఆ పి.సి.ఆరే.

అలాగని జన్యువు ఒక్కటే చాలదు. ఆ పాఠం మరీ నెమ్మదిగా మారడం వల్ల దగ్గరి దాయాదులకు ఒకేలా ఉండవచ్చు. రూపం చూడకుండా పాఠం మాత్రం రాసుకుంటే, పాత గ్రంథంలోని ఏ పేరుకు అది చెందుతుందో చెప్పడం కష్టం. అందుకని గుల్ల చూస్తారు, వెండి లవణాలతో రంగు వేసి శైలికల వరసలు చూస్తారు, జన్యువు చదువుతారు. మనం తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ సరిచూసి సర్వీసు రిజిస్టరు తెరిచినట్టే. ఆ పద్ధతిలోనే 2012లో ఫావెల్లా నుంచి కొన్ని జాతులను విడదీసి ష్మిడింగరెల్లా అనే కొత్త ప్రజాతి కింద పెట్టారు.

"మరి తప్పు పేర్లను ఏం చేస్తారమ్మా?" అని మనవరాలిని అడిగాను. "చెరపరు తాతయ్యా. సాధారణంగా ముందు పెట్టిన పేరు నిలుస్తుంది. రెండోదాన్ని దాని పక్కనే పర్యాయనామంగా రాస్తారు" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మన రిజిస్టర్లలోనూ అంతే గదా! తప్పు పడితే గీకకూడదు. గీత కొట్టి, సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి. తప్పూ కనపడాలి, దిద్దినవాడూ కనపడాలి.

చివరగా ఒక విన్నపం. ఇంటికి వెళ్లగానే మీ పి.పి.ఓ. తీసి, మీ పేరు, మీ భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఆధారుతో సరిపోయాయో లేదో చూడండి. తేడా ఉంటే మీరు ఉండగానే దిద్దించండి. రేపు ఫ్యామిలీ పెన్షన్ కోసం మన వెనుక ఉన్నవాళ్లు కిటికీల దగ్గర నిలబడకూడదు.